కృష్ణ ఒడ్డున ఏడాది: ఆనకట్టలకు ముందూ తర్వాతా

మక్తల్ ప్రాంతంలో తెలంగాణలోకి వచ్చే కృష్ణ, వాడపల్లి దగ్గర మూసీ కలిసేదాకా పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల వెంట సాగుతుంది. ఆనకట్టలు లేనప్పుడు ఈ ఒడ్డున జీవాల ఏడాదిని నడిపింది వరదే. మిరుగు వానలు ఇక్కడ ముందే పడ్డా, నదికి అసలు నీరు జులై, ఆగస్టుల్లో పడమటి కనుమల నుంచి దిగేది. కొత్త నీటికి చేపలు ఎదురెక్కి గుడ్లు పెట్టేవి. దసరా దాటాక వరద తీసి ఇసుక మేటలు తేలేవి. చలికాలంలో హిమాలయాలు దాటి పట్టీతల బాతులు దిగి, ఎండలు ముదరకముందే వెళ్లిపోయేవి.

అసలు సందడి ఆ తర్వాతే. మొసలి ఒడ్డున గుంత తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెట్టి కప్పేస్తుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు గుడ్డులోనుంచే కూస్తాయి. ఆ కూత విని తల్లి ఇసుక తోడి, వాటిని సుతారంగా నోట కరచుకుని నీటికి చేరుస్తుంది. పసుపు ముక్కు ఏటిపిట్టలైతే గూడే కట్టవు, ఉత్త ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఇదంతా వరద రాకముందే ముగియాలి.

అదే ఎండాకాలంలో నది పక్కనున్న అమ్రాబాద్ అడవి గుట్టల్లో రాలిన ఇప్పపూల కోసం ఎలుగుబంట్లు వస్తాయి. కొండచరియలకు పట్టిన తేనెతుట్టెల కోసం అక్కడి గిరిజనులైన చెంచులు తాడు పట్టుకుని దిగుతారు. పై కొసను బావమరిది పట్టుకోవడం ఆనవాయితీ. 1940 ప్రాంతంలో వారి మధ్య ఉండి ఆ జీవనాన్ని చూసిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1943లో పుస్తకం వెలువరించాడు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాది పడింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. నల్లగొండ వైపు ఏలేశ్వరం ఊరు ఆ జలాశయంలో మునిగింది. 1980లలో శ్రీశైలం, 1990లలో జూరాల జలాశయాలు నిండాయి. మేటలు చాలావరకు నీటి కిందికి పోయాయి, చేపల ఎదురీతకు గోడలు అడ్డొచ్చాయి. నష్టం అన్నిటికీ ఒకేలా లేదు: మొసళ్లు జలాశయాల్లోనూ బతుకుతున్నాయి, నీటికాకులకు విశాలమైన వేటచోటు దొరికింది. ఇసుకలో గుడ్లు పెట్టే పిట్టలకే గడ్డుకాలం. అకాలంలో వదిలిన నీరు ఒక్కపూట మేటను ముంచితే ఆ ఏటి సంతానం పోయినట్టే.

1978లో నదికి ఇరువైపులా ఉన్న అడవులు అభయారణ్యమయ్యాయి, 1983లో పులుల రక్షిత ప్రాంతంలో చేరాయి. రాష్ట్ర విభజన తర్వాత ఎడమ ఒడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. అయితే ఆ కాపుదల అడవికే. నీరు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తగ్గాలో నేటికీ సాగునీటి, విద్యుత్తు అవసరాలే తేలుస్తున్నాయి.