ఊరి కట్టు – పెదనందిపాడు చెప్పిన పాఠం

గ్రామాభివృద్ధి సంఘమనగానే ఒక బోర్డు, ఒక అధ్యక్షుడు, ఒక బ్యాంకు ఖాతా గుర్తుకు వస్తాయి. ఈ మూడూ ఉండి కూడా పనిచేయని సంఘాలు ఎన్నో! మరి ఊరిని ఒక్క కట్టు మీద నిలిపేది ఏమిటి? ఈ ప్రశ్న నన్ను 1922 నాటి పెదనందిపాడు ఫిర్కాకు తీసుకువెళ్ళింది.

గుంటూరుకు దక్షిణాన నల్లరేగడి నేలల్లోని పల్లెలవి. సహాయ నిరాకరణోద్యమ కాలంలో, పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన, అక్కడి రైతులు భూమిశిస్తు కట్టడం మానివేశారు. ఊరూరా శాంతిసేన ఏర్పడింది. అయితే ఆ ఉద్యమానికి అసలు బలం మరొకచోట ఉంది. శిస్తు వసూలు చేయవలసిన మునసబులు, కరణాలే అనేకులు రాజీనామా చేశారు. అవి వంశపారంపర్యపు ఉద్యోగాలన్న సంగతి మరువరాదు. వదులుకున్నది నెలజీతం మాత్రమే కాదు, తరతరాల హోదా. పొలానికి ఎవరు పట్టాదారో, ఎవరు ఎంత బాకీయో తెలిసినవారు తప్పుకోగానే ఊరిలో ప్రభుత్వానికి చేయి లేకుండా పోయింది. రూథర్‌ఫర్డ్ అనే అధికారి రంగంలోకి దిగవలసి వచ్చింది.

కాని ఆ కట్టుకూ ఒక లోపం ఉంది. శాసనోల్లంఘనకు 1921 నవంబరులో ఢిల్లీలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ విధించిన షరతులలో అహింస, ఖద్దరులతోపాటు అస్పృశ్యతా నివారణ కూడా ఉంది. ఆ షరతులు నెరవేరాయా అని గాంధీజీ కొండా వెంకటప్పయ్యగారిని హెచ్చరించారు. ఆ సందేహం న్యాయమైనదే. శిస్తు పట్టాదారుది, పొలంలేని కూలికి ఆ పోరులో దక్కేదేమిటి? 1922 ఫిబ్రవరిలో ఉద్యమం ఆగిపోయింది. చౌరీచౌరా తరువాత దేశమంతటా శాసనోల్లంఘన నిలిచిపోయింది.

డెబ్బై ఐదేళ్ళ తరువాత, 1997లో, సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసింది. ఒక్కసారిగా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు పుట్టాయి. కాలువ చివరి రైతుకూ మాట ఉండాలని సంఘ పరిధిని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విభజించారు. మంచి ఏర్పాటే. అయితే సాగర్ కుడికాలువ చివరనున్న మిరపచేనికి తడి అందాలంటే ఎగువ రైతు తన తూము మూయాలి. చట్టం అతనికి ఓటు ఇవ్వగలదు కాని, తూము మూసే మనసు ఇవ్వలేదు.

పెదనందిపాడు నుండి నేను గ్రహించినది ఇంతే: ఊరిలో పెద్దది పోగొట్టుకోగలవాడు ముందుగా తన వంతు వదులుకున్నప్పుడు సంఘానికి బలం వస్తుంది. ఏమీ లేనివాడికి కూడా అందులో భాగం దక్కినప్పుడు ఆ బలం నిలుస్తుంది. మొదటిది ఆ పల్లెలు చేసి చూపాయి. రెండవది మనకు బాకీగా మిగిలింది.

మీ ఊరి సంఘంలో ముందుగా వదులుకున్నవారెవరు?