చెరువు కాపు, చేప కాపు

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో చెరువును గూర్చిన వ్యాసమేల యని కొందరు చదువరులకు తోచవచ్చును. పల్లెలో పదిమందికి ఉమ్మడియైన సొత్తులు ఎన్నియో లేవు. దేవళము, చెరువు, ఆపై గ్రంథాలయము. పుస్తకము కొనిపోయి తిరిగి యీయని చందాదారునితో గ్రంథాలయ కార్యదర్శి పడు పాట్లన్నియు, వాగునకు ఎదురెక్కు చేపను రాత్రివేళ ఊతతో పట్టుకొనిపోవువానితో చెరువు కాపరియు పడుచునే యుండును. కావున ఈ చరిత్ర ఇచ్చటి పాఠకులకు పరాయిదిగా తోపదు.

ఖమ్మము సీమలో నీరు రెండు దిక్కులకు పారును. పడమట మున్నేరు, వైరా, పాలేరు కృష్ణలో కలియును. తూర్పున అడవులను చీల్చుకొనివచ్చు కిన్నెరసానియు, చర్ల ప్రాంతపు తాలిపేరును గోదావరిని చేరును. ఈ ఏరులకు అడ్డముగా కట్టిన జలాశయములు ఈనాడు ఈ ప్రాంతపు మత్స్యకారులకు ప్రధానాధారములు. పాలేరు జలాశయము నిండు మట్టము 23 అడుగులు, వైరాది 18.3 అడుగులు, కిన్నెరసానిది సముద్రమట్టమునకు పైన 407 అడుగులు. వానాకాలమున ఈ అంకెలు పత్రికలలో దినదినము కన్పట్టును. నిండుటకు ఇంకెంత కొరత యున్నదో రైతు చూచును. వేసవి వచ్చుసరికి అడుగున ఎంత మిగులునో బెస్తవాడు చూచును. చేపల సంరక్షణ చరిత్ర యంతయు ఈ రెండు చూపుల నడుమ నడచినదే.

నీటిలోని చేపకు కట్టుబాటు విధించుట క్రొత్త సంగతి కాదు. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకమైన 26 సంవత్సరములకు వేయించిన అయిదవ స్తంభశాసనమున, చాతుర్మాస్య పూర్ణిమలయందును మరికొన్ని పర్వదినములయందును చేపను చంపరాదనియు, అమ్మరాదనియు ఆజ్ఞాపించెను. ఆ దినములలో ఏనుగుల వనములయందును, కైవర్తుల చేపల తావులయందును ఇతర ప్రాణులను సైతము చంపరాదని అందు కలదు. అది ధర్మదృష్టితో చేసిన శాసనమే కాని చేపల వృద్ధికై చేసినది కాదు. అయినను వేటకు విరామదినములు ప్రభుత్వమే నిర్ణయించుట అప్పటికే యుండెనని దానివలన తెలియుచున్నది.

గాలపు వేటకు సంబంధించి మనకు మరింత చేరువయైన ఆధారము కలదు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన 'మానసోల్లాసము'న మత్స్యవినోదమను ప్రకరణము ఉన్నది. ఓరుగల్లు కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులుగా నుండి పైకి వచ్చినవారే. ఏ జాతి చేప ఏ నీటిలో నుండును, దానికి ఏ మేత ప్రియము, గాలపు త్రాడు ఎట్లు పేనవలెను అను విషయములను రాజు స్వయముగా వివరించెను. భారత జంతుశాస్త్ర పరిశోధన సంస్థకు అధిపతిగా నుండిన సుందరలాల్ హోరా 1951లో ఈ ప్రకరణమును పరిశీలించి ప్రకటించెను. ఇందు గమనింపదగినది మేతను గూర్చిన భాగము. చేపను పట్టుటకు ముందు దానిని మేపవలెనను తెలివి ఆ రాజునకు కలదు. నేడు గాలము పట్టుకొని గట్టున కూర్చుండువారిలో ఎందరికి ఆ తెలివి కలదో చెప్పజాలము.

తరువాతి శతాబ్దులలో చెరువు కాపు నీరటివాని చేతిలో నుండెను. తూము ఎత్తుట, దించుట, కట్టపై ఎలుక బొరియలు పూడ్చుట, గండి పడునని తోచిన ఊరిని లేపుట వాని పనులు. చేపల హక్కు మాత్రము వేరుగా పాటకు పోవుచుండెను. పాట పాడినవానికి ఒక ఏటి లాభమే గురి. వచ్చు ఏడు చెరువు ఎవరిదో తెలియనప్పుడు పిల్లచేపను విడుచువాడెవడు? వేసవిలో కన్ను సన్నని వలతో అడుగు వరకు ఊడ్చుకొనిపోవుట లోభము వలన కంటె ఆ పద్ధతి వలన పుట్టిన దోషమని చెప్పవలెను.

ఇచ్చటి అడవి సరిహద్దున మరియొక చిక్కుండెను. 1860 నాటి ఒడంబడికచే గోదావరి ఎడమగట్టున నున్న భద్రాచలము సీమను నిజాము ఆంగ్లేయులకు విడిచెను. అది మొదట మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో నుండి, 1874లో చెన్నరాజధానిలో కలిసినది. కుడిగట్టున నున్న బూర్గంపహాడు, పాల్వంచ మాత్రము నిజాము రాజ్యముననే నిలిచెను. అనగా ఒకే మడుగు, ఒకే చేప, రెండు ప్రభుత్వములు. 1953లో వరంగల్లునుండి విడదీసి ఖమ్మము జిల్లాను ఏర్పరచిన తరువాతను భద్రాచలము తూర్పుగోదావరిలోనే యుండి, 1959లో గాని ఖమ్మమునకు రాలేదు. నదికి ఇరుగట్టులును ఒకే పాలన క్రిందికి వచ్చుటకు సుమారు నూరు సంవత్సరములు పట్టినది.

ఆ కాలమున చెన్నరాజధాని పక్షమున చేపలను గూర్చి ఆలోచించినవారు ఇరువురు పేర్కొనదగినవారు. సైనిక వైద్యుడగు ఫ్రాన్సిస్ డే దేశమునందలి మంచినీటి చేపలను పరిశీలించి 1873లో నివేదిక ప్రకటించెను. గ్రుడ్లతో నున్న చేపను, వేలెడైనను లేని పిల్లను విచక్షణ లేక పట్టుట వలనను, ఆనకట్టలు చేపల రాకపోకలకు అడ్డుపడుట వలనను నష్టము కలుగుచున్నదని ఆయన వాదము. రెండవవాడు చెన్నరాజధాని సివిలు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్. గాలపు వేటను గూర్చి 1873లో ఒక గ్రంథమును, ప్రత్యేకముగా చెరువులలోని గాలపు వేటను గూర్చి 1887లో మరియొకదానిని వ్రాసెను. ఇట్టివారి ప్రోద్బలమున 1879లో నీలగిరులకు వేటజంతువుల, చేపల సంరక్షణ చట్టమును, 1897లో భారత మత్స్య చట్టమును వచ్చినవి. నీటిలో మందుగుండు ప్రేల్చి గాని, విషము కలిపి గాని చేపలను చంపినవానికి 1897 చట్టము విధించిన శిక్ష రెండు నెలల వరకు ఖైదు, లేదా 200 రూపాయల వరకు జరిమానా. ఆనాటి 200 రూపాయలు పేదవాని బ్రదుకునే తలక్రిందులు చేయగలిగినవి. ఇప్పుడు ఒక పెద్ద వాలుగ చేపకు వచ్చు ధర దానికి మించును.

దొరల సంరక్షణలో ఒక లోపము కలదు. వారు చేపను గాపాడదలచినది తమ వినోదమునకు. అడవివాని ఆకలి వారి లెక్కలో తక్కువ. కోయలు, కొండరెడ్లు వేసవిలో వాగులు తెగి మడుగులుగా నిలిచినప్పుడు కొన్ని చెట్ల కాయలను, బెరళ్లను దంచి నీట కలిపి చేపలను మైకపరచి పట్టుకొనుచుండిరి. చట్టము దృష్టిలో అది విషప్రయోగమే. కాని ఎండిపోనున్న మడుగులో, రేపు ఎట్లును చావనున్న చేపను ఊరంతయు కలిసి పట్టి పంచుకొనుట వేరు. పారుచున్న వాగులో పురుగుల మందు పోసి పశువులు త్రాగు నీటిని సైతము చెరచుట వేరు. భద్రాచలమునకు దిగువ గోదావరి కొండలలో తిరిగిన హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్లను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆ ప్రజల జీవనము అడవితోను నదితోను ఎంత పెనవేసుకొన్నదో దానిని చదివినవారికి తెలియును.

స్వాతంత్ర్యానంతరము రెండు మార్పులు వచ్చినవి. మొదటిది జలాశయములు. నిజాము కాలపు పాలేరు, వైరాలకు తోడు, పాల్వంచ విద్యుత్కేంద్రమునకు నీరందించుటకై 1960ల దశకమున యానంబైలు వద్ద కిన్నెరసానికి ఆనకట్ట పనులు సాగినవి. పాలేరు నాగార్జునసాగరు ఎడమకాలువకు సమతుల్య జలాశయమైనది. రెండవ మార్పు చేపపిల్ల. బొచ్చె, రాగండి, మోసు అను పెద్ద జాతులు నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు. వానికి వరద కావలెను, పారు నీరు కావలెను. అందుచే పూర్వము వంగదేశపు నదులనుండి పిల్లను వడగట్టి కుండలలో దూరప్రాంతములకు పంపుచుండిరి. త్రోవలో చచ్చినవి చావగా మిగిలినవి చెరువు చేరెడివి. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి చేప మెదడు క్రింది గ్రంథిరసమును సూదితో ఎక్కించి, ఈ జాతులచే చెరువులోనే గ్రుడ్లు పెట్టించెను. నేటికిని జూలై 10వ తేదీని మత్స్యరైతుల దినముగా జరుపుకొనుచున్నారు. ఈ జిల్లాలో పాలేరు వద్ద మత్స్య పరిశోధన కేంద్రము వెలసినది.

పిల్ల దొరకుటతో చెరువును ఏలువాడెవడను ప్రశ్న పదునెక్కినది. పిల్లను కొని విడిచినవాడే పట్టుకొనవలెనన్నచో, ఒక్క ఏటి పాటదారు పద్ధతి చెల్లదు. 1964 నాటి సహకార సంఘముల చట్టము క్రింద మత్స్య పారిశ్రామిక సహకార సంఘములు ఈ బరువును తలకెత్తుకొనినవి. సంఘమున చేరుటకు వల పని వచ్చునో రాదో పరీక్ష కలదు. వాటాధనము కట్టవలెను. సర్వసభ్య సమావేశము పాలకవర్గమును ఎన్నుకొనును. చెరువునకు నిర్ణయించిన పైకము చెల్లించుట, పిల్లను తెచ్చి విడుచుట, కావలి పెట్టుట, ఏ దినమున వల దించవలెనో నిర్ణయించుట, పట్టినదానిని పంచుట ఈ వర్గము పనులు. వ్రాతకు ఇవి సులభములే. పిల్లకు పైకము లేనప్పుడు వర్తకుడు ముందుగా సొమ్మిచ్చి, చేప ధరను అప్పుడే తేల్చుకొనిపోవును. అట్టి ఏడు సంఘము పేరు బోర్డుపై నుండును గాని చెరువు వర్తకునిదే.

సంఘపు కట్టుబాట్లలో మిక్కిలి కఠినమైనది తొలకరి నాటిది. తొలివాన నీరు చెరువులోనికి దిగగానే గ్రుడ్లతో నున్న చేపలు ఆ ధారకు ఎదురెక్కును. ఊరిలోని పిల్లలును పెద్దలును ఊతలతో, బుట్టలతో వాగున దిగుదురు. ఎదురెక్కు చేపను పట్టుట ఒక పండుగ; దానిని మాన్పించుట కావలివానికి శత్రుత్వము తెచ్చిపెట్టును. కొరమీను సంగతి మరియు దుఃఖకరము. 2016లో తెలంగాణ రాష్ట్ర మత్స్యముగా గౌరవింపబడిన ఈ చేప తన పిల్లలగుంపు నీటిపై ఎఱ్ఱగా తేలియాడుచుండగా క్రింద కాపు కాచును. ఆ ఎఱుపును చూచియే గాలము వేయువారున్నారు. తల్లిదండ్రులను తప్పించినచో ఆ గుంపంతయు జెల్లలకు, కొంగలకు మేతయగును. ఒక్క చేపను కూరకు తెచ్చుకొన్నవాడు వందల పిల్లను పోగొట్టినట్లు.

ఇతర దేశములలోను ఇతర రాష్ట్రములలోను గాలపు వినోదమునకు సంఘములు కలవు. బెంగుళూరున 1972లో ఏర్పడిన దక్షిణ భారత వన్యప్రాణి సంఘము కావేరిలో కొంత భాగమును కౌలునకు తీసికొని, పూర్వము తోటాలు ప్రేల్చి చేపలు చంపినవారినే కావలివారిగా నియమించెను. వారికి ఏ మడుగున ఏమి జరుగునో తెలియును గదా. ఈ యుపాయము ఖమ్మము సంఘములవారికి క్రొత్తది కాదు. దొంగవల వేయువానికి సభ్యత్వమిచ్చి కావలి అప్పగించుట పల్లెలలో పాత నేర్పే. గనుల ప్రాంతము చేరువగుటచే తోటాల బెడద ఇచ్చటను కలదు. ప్రేలుడునకు పైకి తేలునవి కొన్నియే. అడుగున చచ్చి క్రుళ్లునవి అనేకములు.

అయినను వలకంటెను తోటాకంటెను సంఘములవారిని ఎక్కువ కలతపెట్టునది తూము. యాసంగి పైరు చివరి తడికి నీరు కావలెనని రైతు అడుగును. చెరువు అడుగంటినచో ఏడాది పెంచిన చేప రెండు దినములలో చచ్చునని బెస్తవాడు మొరపెట్టును. తూము తాళము ఇరువురి చేతను లేదు. ఇందెవరిది న్యాయమని తీర్పు చెప్పుట కష్టము. వడ్లు లేనిదే చేపను తినువాడును లేడు. కాని చెరువు పైకము కట్టించుకొనునప్పుడు ఎంత లోతు నీరు మిగుల్తురో వ్రాసి యీయకుండుట న్యాయము కాదు. అడవి మండలములు షెడ్యూల్డు ప్రాంతములు. 1996 నాటి చట్టము అచ్చటి చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణమును పంచాయతీలకు అప్పగించినది. గ్రామసభలో రైతును, వల పట్టువాడును ఒకే చాపపై కూర్చుండి ఆ లోతును ముందే నిర్ణయించుకొనుటకు అందువలన త్రోవ కలదు. కిన్నెరసాని సంగతి వేరు. అది 1977 నుండి అభయారణ్యములోని జలాశయము. అటవీశాఖ నిబంధనలకు లోబడినది, మొసళ్లకును నెలవైనది.

2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసినప్పుడు కొన్ని తావులలో అడుగున గుంతలు పడినవి. వేసవిలో చేప తలదాచుకొనుటకు అవియే పనికివచ్చినవి. 2016 నుండి ప్రభుత్వము సంఘములకు ఉచితముగా పిల్లను పంచుట మొదలిడెను. ఎండు చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లయు, నీరు నిలుచు చెరువులకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లయు ఏర్పాటు చేసిరి. పిల్ల ఉచితముగా వచ్చినప్పుడు లెక్కపెట్టుకొనుటకు కొందరు బిడియపడుదురు. లెక్క చూచిన సంఘమునకే వేసవిలో ఎంత చేప రావలెనో తెలిసినది.

2024 జూలైలో అశ్వారావుపేట మండలము గుమ్మడవల్లి వద్ద పెదవాగు ప్రాజెక్టు కట్ట భారీ వరదకు తెగెను. నీరంతయు దిగువ పొలములపై బడి పోయినది. పొలమునకు ఇసుక మేట మిగిలెను. తూము తాళమునకై ఏటేట వాదులాడుకొన్న ఇరుపక్షములవారికిని ఆ వేసవిలో పంచుకొనుటకు చెరువులో నీరు లేదు. కట్ట గండి వద్ద నిలిచి, దానిని ఎప్పుడు పూడ్తురని ఇరువురును ఒకే ప్రశ్న అడుగవలసినవారైరి.