పెద్ద కార్డు రేటు ఎక్కడి నుంచి ఎక్కడికి?

గేమింగ్ పీసీకి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొందామని నెలనెలా దాచుకుంటున్న తమ్ముళ్ల కోసం, ఎపిసోడ్‌లో చెప్పుకున్న కథ ఇక్కడ క్లుప్తంగా.

2017లో ఎన్విడియా జీటీఎక్స్ 1080 టీఐ 699 డాలర్లకు వచ్చింది. 2025లో ఆర్టీఎక్స్ 5090 రేటు 1,999. కరెంటు వాడకం 250 వాట్ల నుంచి 575కి పెరిగింది. అంటే చాలామంది పవర్ సప్లై కూడా మార్చాల్సిందే.

మధ్యలో ఏమైంది? 2020లో ఆర్టీఎక్స్ 3080 కూడా 699కే వచ్చింది, కానీ ఆ రేటుకి దొరికితే కదా! కరోనా కాలంలో సరుకు కొరత, పైగా ఇథీరియం మైనింగ్ చేసేవాళ్ల గిరాకీ. కొందరు రెట్టింపు పెట్టి కొన్నారు. 2022లో క్రిప్టో పడింది, సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగే ఆగిపోయింది. రేట్లు దిగాయి, మైనింగ్‌లో వాడిన కార్డులు సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చాయి.

కొత్త కార్డు వచ్చిన మొదటి నెల వేడికి మన ఓవర్‌టైమ్ డబ్బులు కరగనివ్వొద్దు. మానిటర్ 1080పీ అయితే అంత పెద్ద కార్డు అసలు అక్కర్లేదు.