మందుల చీటీ, 1968 నాటి జాబితా

ఇంగ్లండులో కొత్తగా దిగిన మనవాళ్ళని మొదట తికమక పెట్టే మాట 'సర్జరీ'. మందులు రాయించుకోవాలంటే సర్జరీకి వెళ్ళమంటారు. కంగారు పడకండి, అక్కడ ఎవరూ కత్తి పట్టుకోరు. మన పేటలో డాక్టరుగారి క్లినిక్కు లాంటిదే అది. రోజూ వేసుకునే మందయితే డాక్టరు దాన్ని రిపీట్ జాబితాలో పెడతారు. అయిపోవస్తుంటే ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో అడిగితే చాలు, సర్జరీవాళ్ళు సరేనన్నాక చీటీ మనం ఎంచుకున్న ఫార్మసీకి కంప్యూటర్లోనే వెళ్ళిపోతుంది. పాత చీటీ చూపించి "అవే ఇంకో నెలకివ్వు బాబూ" అనే మన మెడికల్ షాపు పద్ధతి ఇక్కడ చెల్లదు.

ఇంతవరకూ బానే ఉంది. అసలు చిత్రం ఫార్మసీ కౌంటరు దగ్గర. థైరాక్సిన్ మాత్రలు వాడేవాళ్ళు మినహాయింపు కార్డు తీసుకుంటే పైసా కట్టక్కర్లేదు. థైరాయిడ్ మందే కాదు, చెవిలో చుక్కల మందు రాసినా ఉచితమే. వెనకాలే నిలబడ్డ ఉబ్బసం మనిషి మాత్రం ఇన్‌హేలర్‌కి 9.90 పౌన్లు కట్టాలి (2024 మేలో పెట్టిన రేటు). రెండు రకాల ఇన్‌హేలర్లు రాస్తే రెండింతలు. ఊపిరాడకపోవడం చిన్న జబ్బనా? కాదు. దీని వెనక ఒక లెగసీ కోడ్ కథ ఉంది.

1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు మందులన్నీ ఉచితం. ఖర్చు చూసి సర్కారు గుండె ఝల్లుమంది. 1949లోనే లేబర్ ప్రభుత్వం మందులకి రుసుము పెట్టే అధికారాన్ని చట్టంలో రాసుకుంది కానీ, వాడలేదు. 1951లో కొరియా యుద్ధం ఖర్చుల కోసం కట్టుడు పళ్ళకీ, కళ్ళజోళ్ళకీ డబ్బులు వసూలు చేస్తామనేసరికి ఎన్‌హెచ్‌ఎస్‌ని కట్టిన అన్యూరిన్ బెవాన్ మంత్రిపదవి వదిలేశాడు. ఆయనతోపాటు రాజీనామా చేసిన ఇంకో మంత్రి హెరాల్డ్ విల్సన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

1952 జూన్ 1 నుంచి చర్చిల్ ప్రభుత్వం చీటీకి ఒక షిల్లింగు పెట్టింది. 1956లో అది చీటీకి కాకుండా ఒక్కో మందుకి ఒక షిల్లింగు అయింది. పైకి చిన్న మార్పే. రిపీట్ మందులవాళ్ళని ఇప్పటికీ కొరుక్కుతింటున్నది మాత్రం అదే. 1961లో ఈనాక్ పావెల్ దాన్ని రెండు షిల్లింగులు చేశాడు.

విల్సన్ ప్రధాని అయ్యాక, 1965 ఫిబ్రవరిలో మొత్తం ఎత్తేశాడు. మాట నిలబెట్టుకున్నాడు కదా అనుకునేలోపే 1967 నవంబరులో పౌను విలువ తగ్గించాల్సి వచ్చింది. 1968 జూన్‌లో మందుకి రెండున్నర షిల్లింగుల చొప్పున అదే విల్సన్ మళ్ళీ వేశాడు! సొంత పార్టీ నుంచి వచ్చే తిట్లు తగ్గించుకోడానికి పిల్లలకీ, ముసలివాళ్ళకీ, గర్భిణులకీ మినహాయింపులిచ్చారు. కొన్ని దీర్ఘకాలిక జబ్బులకి ఒక జాబితా కూడా రాశారు. మందులతో అదుపు చేసే డయాబెటిస్, థైరాయిడ్ లోపం, మూర్ఛ వగైరా అందులో ఉన్నాయి. ఉబ్బసం లేదు. బీపీ లేదు.

హడావుడి రిలీజులో హార్డ్‌కోడ్ చేసిన టేబుల్ ఎన్నాళ్ళుంటుందో మనకి వేరే చెప్పాలా? ఆ తర్వాత అందులో చేరిన పెద్ద ఎంట్రీ 2009లో క్యాన్సర్, అంతే. మిగతా టేబుల్ జోలికి ఎవరూ పోరు. ఒకటి చేరిస్తే ఇంకోటేదీ అంటారని భయం అయ్యుంటుంది. వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లండు 2010లో, స్కాట్లండు 2011లో రుసుమే తీసేసి ఈ గొడవ వదిలించుకున్నాయి. అంటే వ్రెక్సాంలో ఉచితంగా దొరికే ఇన్‌హేలర్‌కి, సరిహద్దు ఇవతల చెస్టర్‌లో డబ్బు కట్టాలన్నమాట. ఇంగ్లండులో ఇచ్చే మందుల్లో పదింట తొమ్మిదికి దగ్గరగా ఉచితమే కాబట్టి ఆ మిగిలినవాళ్ళ గోల పెద్దగా వినపడదు.

ఆ మిగిలినవాళ్ళలో మనవాళ్ళు బోలెడు. ఉద్యోగం చేసే వయసు, మినహాయింపు ఉండదు. వీసాకి ఏడాదికి 1,035 పౌన్ల హెల్త్ సర్‌ఛార్జి కట్టినా (2024 ఫిబ్రవరి నుంచి ఉన్న రేటు) మందుల రుసుము విడిగా కట్టాల్సిందే. పైగా లెక్క ఒక్కో మందుకి, ఇచ్చిన ప్రతిసారీ. అందుకని సర్జరీవాళ్ళు 28 రోజులకి రాస్తున్నారా, 56 రోజులకా అన్నది చూసుకోండి. 28 అయితే ఒక్క బీపీ మాత్రకే ఏడాదికి 13 సార్లు, 128.70 పౌన్లు. 56 రోజులకి రాయమని అడగొచ్చు, రాయడం రాయకపోవడం డాక్టరు ఇష్టం. కుదరకపోతే ముందుగానే కట్టే ఏడాది సర్టిఫికెట్ ఒకటుంది, 2024 రేటు 114.50. ఏడాదికి పదకొండు మందులు దాటితే అదే చవక. ఫార్మసీలో ఎవరూ గుర్తుచేయకపోవచ్చు, మీరే అడగాలి.