గోండీ భాష: ఒకే మూలం, అనేక మాండలికాలు

గోండీ, తెలుగు రెండూ ద్రావిడ కుటుంబంలోని దక్షిణ మధ్య శాఖకు చెందిన భాషలు. రెండు, మూడు, నాలుగు అనే సంఖ్యలను గోండీలో 'రండ్', 'మూండ్', 'నాలుంగ్' అంటారు. ఒకే భాష మాట్లాడే సమూహాలు విడిపోయినప్పుడు ఉచ్చారణ ఒక్కోచోట ఒక్కో తీరున మారుతుంది. ఇరుగుపొరుగు భాషల పదాలు వచ్చి చేరతాయి. భాషాభేదాలకు ఇవే ప్రధాన కారణాలు.

మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ తదితర రాష్ట్రాల్లో విస్తరించిన గోండీపై హిందీ, మరాఠీ, తెలుగు ప్రభావాలు ప్రాంతాన్ని బట్టి పడ్డాయి. ఫలితంగా దూరప్రాంతాల గోండులకు పరస్పర సంభాషణ కష్టమవుతోంది. 2011 జనగణన ప్రకారం 29 లక్షల మందికి పైగా మాట్లాడే ఈ భాషకు రాజ్యాంగ ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు. గోండు పిల్లల చదువు ప్రధానంగా రాష్ట్ర భాషల్లోనే సాగుతోంది.