ఒప్పంద సేద్యం: తెలుగు నేలపై ఒక చరిత్ర

విత్తు వేయకముందే రైతూ కొనుగోలుదారూ పంట, రకం, నాణ్యత, ధర, అప్పగించే సమయం గురించి మాట ఖాయం చేసుకుని సాగించే వ్యవసాయాన్ని ఒప్పంద సేద్యం అంటారు. వాడుకలో ఇదే కాంట్రాక్టు వ్యవసాయం. సాధారణంగా కంపెనీ విత్తనం, ఎరువు, సలహా, కొంత అడ్వాన్సు ఇస్తుంది; రైతు భూమి, నీరు, ఇంటిల్లిపాది శ్రమ పెడతాడు. పంట చేతికొచ్చాక ఇచ్చిన సరుకుల ఖరీదు మినహాయించుకుని మిగతాది చెల్లిస్తారు.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతానికి పైగా రెండు హెక్టార్లలోపువే. సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు. ఇంత చిన్న కమతంతో బతికే రైతుకు బ్యాంకు అప్పు సులువుగా పుట్టదు, పంటను నిల్వ పెట్టుకుని మంచి ధర కోసం ఆగే ఓపికా ఉండదు. ఈ రెండు లోటులనూ ఒప్పందం ఒకేసారి తీరుస్తుందన్నది దాన్ని సమర్థించేవారి ప్రధాన వాదన. తెలుగు జిల్లాల్లో వందేళ్లకు పైబడిన అనుభవాన్ని చూస్తే ఆ వాదనలో నిజం ఉంది. అయితే ఒప్పందం నిలబడిన చోట కాగితం ఒక్కటే నిలబెట్టలేదు. వేలంపాటో, చట్టమో, సహకార సంఘమో, పక్క ఊళ్లోనే మరో కొనుగోలుదారో రైతు వెనుక ఉండటం వల్ల నిలబడింది.

నీలిమందు కాలం

దేశంలో ఒప్పంద సేద్యం మీద ఉన్న అనుమానానికి మూలం నీలిమందు తోటల్లో ఉంది. బెంగాల్‌లో తెల్లదొరలు రైతుకు అడ్వాన్సు ముట్టజెప్పి నీలి పంట వేయించేవారు. ఆ అప్పు ఏ ఏడూ తీరేది కాదు, తండ్రి తీసుకున్న అడ్వాన్సు కొడుకు మెడకు చుట్టుకునేది. 1859లో నదియా ప్రాంతపు రైతులు నీలి విత్తనం వేయబోమని తిరగబడ్డారు. 1860లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. అదే ఏడాది దీనబంధు మిత్ర రాసిన ‘నీల్ దర్పణ్’ నాటకం ఆ బాధలను లోకానికి చూపింది.

బీహార్‌లోని చంపారన్‌లో పద్ధతి ఇంకా కఠినం. బిఘాకు ఇరవై కఠాలు. అందులో మూడు కఠాల్లో రైతు తప్పనిసరిగా నీలి వేయాలి. దీన్నే తీన్‌కఠియా అన్నారు. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలి రంగును అమ్మకానికి తెచ్చాక సహజ నీలికి గిరాకీ పడిపోయింది. నష్టం దొరల మీద పడాల్సింది, రైతుల మీద పడింది. నీలి వేయాల్సిన బాధ్యత నుంచి విడుదల చేస్తామంటూ శిస్తు పెంచారు, రొక్కం గుంజారు. 1917లో గాంధీజీ చంపారన్ వెళ్లి వేల మంది రైతుల వాంగ్మూలాలు రాయించారు. 1918 నాటి చంపారన్ వ్యవసాయ చట్టం తీన్‌కఠియాను రద్దు చేసింది. మార్కెట్ కూలినప్పుడు ఆ నష్టం ఎవరిదన్న ప్రశ్న అప్పటి నుంచి ప్రతి ఒప్పందంలోనూ ఉంది.

గుంటూరు పొగాకు

తెలుగు ప్రాంతంలో కంపెనీ నేరుగా రైతుతో పంట వేయించిన తొలి పెద్ద ఉదాహరణ పొగాకు. ఇంపీరియల్ టొబాకో కంపెనీ 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీని ఏర్పరచింది. చీరాలలో దాని కర్మాగారం వెలిసింది. ఇప్పటికీ ఆ ఊళ్లో దాన్ని ఐ.ఎల్.టి.డి. కంపెనీ అనే పిలుస్తారు. సిగరెట్లకు పనికొచ్చే వర్జీనియా రకాన్ని 1920లలో గుంటూరు నల్లరేగడి భూముల్లో సాగు చేయించారు. నాటు పొగాకులా దీన్ని ఎండలో ఆరబెడితే చాలదు, బ్యారన్‌లో వేడిగాలితో పచ్చి ఆకును క్యూరింగ్ చేయాలి. బ్యారన్ కట్టడానికి డబ్బు కావాలి, ఆకు కోసే రోజు నుంచి గ్రేడు కట్టే రోజు దాకా నైపుణ్యం కావాలి. కంపెనీలు సలహా ఇచ్చాయి, నమ్మిన రైతుకు అప్పు ఇచ్చాయి. ఈ పంటతో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో డబ్బు తిరిగింది, కొత్త మేడలు లేచాయి.

అయితే ఆకుకు గ్రేడు కట్టేదీ కంపెనీయే, ధర చెప్పేదీ కంపెనీయే. ఇది మంచి గ్రేడు కాదంటే రైతు ఆకును వెనక్కి మోసుకుపోవాలి. బకాయిలు నెలల తరబడి ఉండిపోయేవి. 1975 నాటి చట్టం కింద 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. 1984లో కర్ణాటకలో, 1985లో ఆంధ్రప్రదేశ్‌లో బోర్డు వేలం కేంద్రాలు తెరిచింది. ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన మలుపు అదేనని చెప్పాలి. ఒక్క కంపెనీ కళ్ల ముందు నిలబడ్డ రైతు బేళ్లు పది మంది కొనుగోలుదారుల మధ్యకు వచ్చాయి. ఏటా ఎంత పండించాలో బోర్డే నిర్ణయించడం, బ్యారన్లకు లైసెన్సు ఇవ్వడం, వేలం సొమ్ము రైతు ఖాతాకు చేరేలా చూడటం క్రమంగా స్థిరపడ్డాయి.

బోర్డు పరిధి వర్జీనియా వరకే. నల్ల బర్లీ అనే మరో రకాన్ని కంపెనీలు బయట ఒప్పందాల మీద వేయించాయి. అంతకుముందు ఏళ్లలో మంచి ధర పలకడంతో 2024–25లో బాపట్ల, ప్రకాశం జిల్లాల రైతులు విస్తారంగా వేశారు. పంట వచ్చేసరికి కంపెనీలు కొనుగోళ్లు తగ్గించాయి, ధర కుప్పకూలింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను రంగంలోకి దింపి ఆకు కొనిపించాల్సి వచ్చింది. ఒకే జిల్లాలో, ఒకే రైతు కుటుంబాల్లో రెండు పొగాకులకు రెండు గతులు పట్టడం వేలం విలువను స్పష్టంగా చూపింది.

విత్తన పంటలు

కంపెనీల ఒప్పందాలు ఎక్కువగా అల్లుకున్నది విత్తనాల చుట్టూ. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి సి.టి. పటేల్ హెచ్-4 అనే సంకర పత్తిని విడుదల చేశాక హైబ్రిడ్ విత్తనాల ఉత్పత్తి ఒక పరిశ్రమ అయింది. కర్నూలు జిల్లాలోనూ, తుంగభద్ర, కృష్ణా నదుల మధ్య నడిగడ్డలోనూ, ముఖ్యంగా గద్వాల పరిసరాల్లో, సీడ్ పత్తి పాతుకుపోయింది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గల్లోని పుప్పొడి భాగాన్ని గోటితో తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. పూత ఉన్నన్నాళ్లూ రోజూ ఇదే పని. దానికి కావలసింది చేతులు, అందుకే చిన్న కమతాలకు ఈ పంట చక్కగా అమరింది.

చిన్న చేతులు కూడా దానికే బలయ్యాయి. బడికి పోవాల్సిన ఆడపిల్లలను అడ్వాన్సు లెక్కన తెచ్చి క్రాసింగ్‌లో పెట్టారు. 2000ల ఆరంభంలో పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు, బాలల హక్కుల సంస్థ ఎం.వి. ఫౌండేషన్ చేసిన ఒత్తిడి కంపెనీలను బోనెక్కించాయి. మా పేరిట పిల్లలెవరూ పని చేయడం లేదని, వారిని పెట్టింది రైతని కంపెనీలు మొదట్లో తప్పుకున్నాయి. కానీ విత్తనానికి ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టుబాటు కాకపోతే రైతు ఏం చేస్తాడన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు.

ఇక్కడ కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. అప్పు ఇచ్చేదీ, వడ్డీ లెక్కగట్టేదీ, ఆడ–మగ విత్తనం పంచేదీ, పంట సేకరించేదీ అతనే. చాలామంది రైతులకు తాము పంట పండిస్తున్న కంపెనీతో మాట్లాడే అవకాశమే రాదు. విత్తనం అప్పగించాక నమూనాను వేరే పొలంలో నాటి జన్యుశుద్ధి చూస్తారు. దీన్నే గ్రో అవుట్ టెస్ట్ (జీఓటీ) అంటారు. ఆ ఫలితం వచ్చేదాకా రైతుకు పూర్తి సొమ్ము రాదు. ‘జీఓటీ ఫెయిల్’ అన్న రెండు మాటలతో ఏడాది కష్టం మామూలు పత్తి గింజల ధరకు పడిపోతుంది. ఆ పరీక్ష రైతు కళ్లెదుట జరగదు, మళ్లీ చేయమని అడిగే చోటూ తెలియదు.

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతం విత్తనాల్లో మరో పేరుపొందిన చోటు. అంకాపూర్ రైతులు విత్తన ఉత్పత్తితో గ్రామాన్నే మార్చుకున్నారు. ఆ ప్రాంతంలోనే ఎర్రజొన్న విత్తనం కొనే వ్యాపారుల మాట నమ్మి పంట ఇచ్చి డబ్బు రాని రైతులు 2008లో రోడ్డెక్కారు. బకాయిలను ఏళ్ల తర్వాత, తెలంగాణ ఏర్పడ్డాక, ప్రభుత్వమే తీర్చాల్సి వచ్చింది. 2025లో ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం, కన్నాయిగూడెం మండలాల్లో విత్తన మొక్కజొన్న వేసి దిగుబడి రాక నష్టపోయిన గిరిజన రైతులకు రాష్ట్ర వ్యవసాయ, రైతు సంక్షేమ కమిషన్ జోక్యం చేసుకున్నాకే కంపెనీల నుంచి పరిహారం అందింది.

ఆయిల్‌పామ్, కోళ్లు

కోసిన ఆయిల్‌పామ్ గెలను ఒక రోజులోపు మిల్లుకు చేర్చకపోతే నూనె నాణ్యత చెడుతుంది. చెట్టు నాలుగో ఏట కాపుకొచ్చి పాతికేళ్లకు పైగా కాస్తుంది. కాబట్టి మొక్క నాటిన రోజే రైతు పాతికేళ్ల పాటు ఒక మిల్లుకు కట్టుబడినట్టు. ఈ సంగతి గుర్తించే ఉమ్మడి రాష్ట్రం 1993లో ఆయిల్‌పామ్ చట్టం చేసింది. మండలాలను ఫ్యాక్టరీ జోన్లుగా పంచి, జోన్‌లోని గెలలన్నీ ఆ ఫ్యాక్టరీయే కొనాలని, రైతు దానికే అమ్మాలని నిర్దేశించింది. అంతకుముందే చెరకుకు 1961 చట్టం ఇలాంటి ఏర్పాటు చేసింది.

గెలల ధర ముడి నూనె ధరకూ, గెలలో నూనె శాతానికీ ముడిపడి ఉంటుంది. కాబట్టి వివాదమంతా ఆ శాతం చుట్టూనే. అశ్వారావుపేటలో తెలంగాణ ఆయిల్‌ఫెడ్ మిల్లు చూపే నూనె శాతం పశ్చిమ గోదావరి మిల్లులు చూపేదాని కన్నా ఎక్కువగా ఉండేది. ఇరుగుపొరుగు తోటల్లో కాసిన గెలలకు రాష్ట్రం మారితే ధర మారడాన్ని ఏపీ రైతులు ఒప్పుకోలేదు. వారి ఆందోళన ఫలితంగా 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ తేడా సొమ్మును తానే చెల్లించేందుకు ముందుకొచ్చింది. సహకార రంగంలోని ఒక మిల్లు నిజాయితీగా లెక్క చూపితే అది పక్క రాష్ట్రపు రైతుకూ కొలబద్ద అయింది. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో వంటనూనెల మిషన్‌ను ఆరంభించాక తెలంగాణలో ఈ పంట కొత్త జిల్లాలకు పాకుతోంది.

బ్రాయిలర్ కోళ్లలో ఒప్పంద పద్ధతికి దారి వేసింది తమిళనాడులోని ఉడుమలైపేట ప్రాంతం. అక్కడి నుంచి అది తెలుగు జిల్లాలకు వచ్చింది. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలి రైతువి. రైతుకు దక్కేది కిలోకు ఇంత అనే పెంపకపు కూలి. మార్కెట్లో కోడిమాంసం ధర పడిపోయినా ఆ నష్టం రైతు మీద పడదు, చిన్న రైతుకు అది నిజంగా పెద్ద ఊరట. షెడ్డు కోసం తెచ్చిన అప్పు మాత్రం అతనిదే; పిల్లల విడతకూ విడతకూ మధ్య కంపెనీ ఎన్నాళ్లు ఆపితే అన్నాళ్లు షెడ్డు ఖాళీ.

కుప్పం, ప్రజాతీర్పు

1990ల చివర్లో చిత్తూరు జిల్లా కుప్పంలో చిన్న కమతాల గట్లు తీసేసి, ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో బిందుసేద్యం కింద ఎగుమతి పంటలు వేయించారు. వాటిలో గెర్కిన్ దోసకాయ ఒకటి. కాయ ఎంత చిన్నదైతే అంత ధర. ఒక పూట ఆలస్యమైతే గ్రేడు పడిపోతుంది. ఇంటి మనుషులే పని చేసుకునే అరెకరం, ఎకరం కమతాలకు ఇది కలిసొచ్చింది, కానీ కంపెనీ వద్దన్న కాయకు ఊళ్లో వేరే గిరాకీ లేదు.

విజన్–2020 పేరిట ప్రభుత్వం ఇలాంటి సాగునే రాష్ట్ర భవిష్యత్తుగా చూపుతున్న రోజుల్లో, 2001లో మెదక్ జిల్లాలో ‘ప్రజాతీర్పు’ పేరిట జ్యూరీ జరిగింది. ఎక్కువగా దళిత, ఆదివాసీ చిన్న రైతు మహిళలే సభ్యులు. వాళ్లు సాక్షులను విని ఇచ్చిన తీర్పులో తాము వ్యతిరేకించేవాటి జాబితాలో ఒప్పంద సేద్యాన్ని పేరు పెట్టి చేర్చారు. తమకు కావలసింది స్థానిక వనరుల మీద తమ అదుపేనని చెప్పారు.

చిన్న రైతుకు దక్కింది

ఒప్పందంలోకి వెళ్లిన రైతుల ఆదాయం పెరిగిందని చెప్పే అధ్యయనాలు అనేక దేశాల నుంచి ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు రెండు సంగతులు మరువకూడదు. విఫలమై మూతపడ్డ పథకాలను కొలవడానికి ఎవరూ మిగలరు. కంపెనీ ఏరుకునేది నీళ్లున్న, పట్టా ఉన్న రైతును. కౌలు రైతు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. పాతికేళ్ల ఆయిల్‌పామ్‌ను ఏటా కౌలు మారే మనిషి ఎలాగూ నాటలేడు.

మరో దారి ఉందని చూపినవీ ఉన్నాయి. కెన్యాలో 1964లో ఏర్పడిన టీ అభివృద్ధి సంస్థ లక్షల చిన్న రైతుల ఆకును సేకరించి, కాలక్రమంలో ఫ్యాక్టరీల్లో వాళ్లనే వాటాదారులను చేసింది. మన దగ్గర 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో పుట్టిన ముల్కనూరు సహకార సంఘం సభ్యులకు అప్పిస్తుంది, వాళ్ల చేత వరి విత్తనం పండింపజేస్తుంది, శుద్ధి చేసి అమ్ముతుంది. అక్కడ రైతుకు ఆర్గనైజరూ పరీక్షకుడూ తన సంఘమే.

చట్టాలు

2003 నమూనా మార్కెట్ చట్టాన్ని అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో తన మార్కెట్ల చట్టంలో ఒప్పంద సేద్యానికి చోటు కల్పించింది. 2018లో కేంద్రం ప్రత్యేక నమూనా చట్టం ఇచ్చింది. 2019లో తమిళనాడు దాన్ని అనుసరించింది. అదే 2019లో పెప్సికో తన బంగాళదుంప రకాన్ని అనుమతి లేకుండా పండించారంటూ గుజరాత్ రైతులు నలుగురి మీద తలా 1.05 కోట్ల రూపాయలకు దావా వేసి, దేశమంతా నిరసన రావడంతో నెల తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. ఒప్పంద కంపెనీల పట్ల రైతుల్లో భయం అలా మరింత గట్టిపడింది.

2020లో వచ్చిన మూడు సాగు చట్టాల్లో ఒకటి ఒప్పంద సేద్యానిది. రైతు భూమిని తాకట్టు, బదిలీ చేయించుకోవడాన్ని అది నిషేధించింది. కానీ వివాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ చేతికి ఇచ్చింది. కంపెనీ న్యాయవాది ఎదుట ఎకరం రైతు నిలబడాల్సిన చోట కోర్టు తలుపు మూయడం ఆ చట్టంలోని పెద్ద తప్పు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు అమలును నిలిపివేసింది, ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా సాగిన ఆందోళన తర్వాత 2021 నవంబరులో పార్లమెంటు మూడింటినీ రద్దు చేసింది.

దాంతోపాటే నడిగడ్డ రైతుకు ఎంతో అవసరమైన నిబంధన కూడా పోయింది. విత్తన పంటకు అప్పగించే సమయంలోనే మూడింట రెండు వంతుల సొమ్ము ఇవ్వాలని, ధ్రువీకరణ పూర్తి చేసి మిగతాది ముప్పై రోజుల్లో చెల్లించాలని అందులో ఉండేది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఒక్క నిబంధనను, రైతు కోరితే మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కును జోడించి, కోర్టు తలుపు తెరిచే ఉంచి, తమ సొంత చట్టంగా తెచ్చుకోవాలి.