టెలిగ్రాఫ్ దీవి

మా ఆఫీసులో ఒకాయన టర్కీ వెళ్ళొచ్చాడు. వారం రోజులు పడవలోనే తిండి, పడవలోనే నిద్ర, రోజుకో దీవి. ఆ ఫోటోలు చూసిన దగ్గర్నుంచీ మా ఆవిడ "మనమెప్పుడో..." అనడం మొదలుపెట్టింది. లెక్క వేసి చూస్తే మధ్యధరా సముద్రం మన జీతానికి కాస్త దూరంలో ఉంది. చివరికి ఒక రాజీకి వచ్చాం. యాట్ కాదు, దౌ. వారం కాదు, రెండు రోజులు. టర్కీ కాదు, ముసందం.

ముసందం ఒమాన్‌దే, కానీ ఒమాన్‌ని ఆనుకుని ఉండదు. మధ్యలో ఎమిరేట్స్ అడ్డం. మస్కట్ నుంచి కారులో బయల్దేరితే ఒక దేశం దాటి, మరో దేశంలోకి వెళ్ళి, మళ్ళీ మన దేశంలోకే (అంటే ఒమాన్‌లోకే లెండి, ఉండగా ఉండగా నోటికి అలా వచ్చేస్తోంది) రావాలి. పాస్‌పోర్టు మీద ముద్రలు పడుతూనే ఉంటాయి. ఆ కొసన హోర్ముజ్ జలసంధి, అవతల ఇరాన్.

ఖసబ్ రేవులో దౌ ఎక్కాం. చెక్క పడవ, నేల మీద తివాచీలు, పరుపులు, టీ, ఖర్జూరాలు. కాసేపట్లో ఖోర్ షమ్ అనే పాయలోకి తిరిగాం. రెండు వైపులా నీళ్ళలోంచి నిటారుగా లేచిన బోడి కొండలు. పచ్చని మొక్క అన్నది వెతుక్కోవాలి. టూరిస్టు కాగితాల్లో దీన్ని అరేబియా నార్వే అంటారు. నార్వేలో ఆ లోయల్ని మంచు తొలిచింది. ఇక్కడ మంచు ఎక్కడిది? అరేబియా పలక యూరేసియా పలక కిందికి దూరుతుంటే ఈ కొస మెల్లగా కుంగిపోయింది, లోయల్లోకి సముద్రం వచ్చి చేరింది. అంతే.

ఆ పాయలో, ఒడ్డుకు దగ్గరగానే, ఒక చిన్న రాతి దిబ్బ. జజీరత్ అల్ మక్లబ్. అందరూ పిలిచే పేరు టెలిగ్రాఫ్ ఐలాండ్. పడవ అక్కడ లంగరేసింది. పిల్లలు నీళ్ళలో దూకారు. నేను మెట్లెక్కి పైకి వెళ్ళాను. కూలిన గోడల పునాదులు తప్ప ఏమీ లేవు. ఊళ్ళో మన పెంకుటింటి దొడ్డి దాటినంతసేపట్లో దీవి మొత్తం తిరిగేయొచ్చు.

ఇక్కడ ఏం జరిగిందో చెప్పాలంటే 1857కి వెళ్ళాలి. సిపాయిలు తిరగబడ్డ కబురు లండన్ చేరడానికి వారాలు పట్టింది. అంత పెద్ద దేశాన్ని వారాల నాటి కబుర్లతో ఏలడం కుదరదని దొరలకి అర్థమైంది. ముందు ఎర్ర సముద్రంలో తీగ వేశారు. బోలెడు డబ్బు పోసిన ఆ తీగ 1860 నాటికే మూగబోయింది. అప్పుడు చూపు పర్షియన్ గల్ఫ్ మీద పడింది. 1864లో, కల్నల్ పాట్రిక్ స్టివార్ట్ ఆధ్వర్యంలో, ఇంగ్లండ్‌లో చేసిన తీగని ఓడల్లో తెచ్చి సముద్రంలో దించారు. గ్వాదర్ నుంచి ముసందం, ముసందం నుంచి బుషెహర్, అక్కడినుంచి ఇరాక్ కొసన ఫావో. రాగి తీగ మీద గట్టాపర్చా పూత. అదొక మలయా చెట్టు పాలు. ఉప్పునీళ్ళలో పాడవదు. ఆ పైన ఇనప తీగల కవచం. ఆఖరికి ఇప్పటి ఫైబర్ కేబుల్‌కి కూడా ఒంటి కట్టు దాదాపు ఇదే.

అన్నట్టు ఆ గ్వాదర్ అప్పట్లో మస్కట్ సుల్తానుది. 1958లో పాకిస్తాన్‌కి అమ్మేదాకా ఒమాన్‌దే. అంటే తీగ మొదలు ఒమాన్ నేలే, మొదటి మజిలీ కూడా ఒమాన్ దీవే.

దీవే ఎందుకూ అంటే, చుట్టుపక్కల తెగలతో గొడవ వస్తుందన్న భయం. నీళ్ళ మధ్య ఉంటే కాపలా తేలిక. బాగానే ఉంది, కానీ అందులో ఉండేవాళ్ళ సంగతి? వేసవిలో నలభై దాటిన ఎండ, చుట్టూ కొండలు పగలంతా కాగి రాత్రంతా ఆ వేడి కక్కడం, గాలి ఆడని పాయ, తాగే నీళ్ళు కూడా బయటినుంచే. కలకత్తాకీ లండన్‌కీ మధ్య నడిచే వ్యాపారం, యుద్ధం, పుట్టుక, చావు అన్నీ వీళ్ళ వేళ్ళ కిందనుంచే పోతాయి. వీళ్ళ సొంత ఉత్తరం మాత్రం ఓడ వచ్చినప్పుడే వస్తుంది.

మా పడవవాడు ఒక కథ చెప్పాడు. ఇక్కడి ఉద్యోగులు పిచ్చెక్కి, ఈ వంకర తిరిగి ఎప్పుడు బయటపడతామా అని ఏడ్చేవారట. ఇంగ్లీషులో పిచ్చెక్కడాన్ని రౌండ్ ది బెండ్ అనడం అలా వచ్చిందట. అందరికీ ఇదే చెబుతారు. ఇంటికొచ్చి వెతికాను. ఆ మాట 1920ల నాటి నిఘంటువులో పాత నావికుల యాసగా కనిపిస్తుంది. ఈ దీవికీ దానికీ ముడిపెట్టే ఆధారం ఏదీ లేదు. కథ బాగుంది కదా అని చరిత్ర అనలేం.

తీగ 1865 మొదట్లో పని మొదలుపెట్టింది. స్టివార్ట్ ఆ సంబరం చూడలేదు. ఆ జనవరిలోనే ఇస్తాంబుల్‌లో పోయాడు. సముద్రం అడుగున కబురు చిటికెలో పోయేది. ఫావో దాటి టర్కీ నేల మీది తీగల్లో పడ్డాక మొదలయ్యేది తంటా. ఇంగ్లీషు రాని గుమాస్తాలు చేత్తో దింపి మళ్ళీ పంపేసరికి రోజులు గడిచేవి, అక్షరాలు మారిపోయేవి. 1860ల చివరికే ఈ దీవిని వదిలేసి మకాం ఇరాన్ వైపుకి మార్చారు. 1870లో సీమెన్స్ వాళ్ళ నేల తీగ, ఎర్ర సముద్రంలో కొత్త తీగ రెండూ వచ్చేశాయి. ఇన్ని కష్టాలు పడ్డ ఆ కాపురం మొత్తం కలిపి నాలుగైదేళ్ళు.

ఆ పునాదుల మీద కూర్చుంటే మా చిన్నమామయ్య గుర్తొచ్చాడు. ఆయన రాజోలు దగ్గర ఊరినుంచి 1980ల్లో మస్కట్ వచ్చి, ఎడారి లోపల ఒక సైటులో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. అమ్మమ్మ పోయినప్పుడు ఇంట్లోవాళ్ళు టెలిగ్రాం ఇచ్చారు. అది ఆ రోజే మస్కట్ చేరింది. కంపెనీ ఆఫీసులో బల్ల మీద పడి ఉంది. సైటుకి వెళ్ళే నీళ్ళ లారీ వచ్చిందాకా ఎవరూ తీసుకెళ్ళలేదు. మామయ్య చేతికి అందేసరికి ఆరో రోజు. ఇక్కడ ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఏరా, క్యాంపులో ఫోనుందా?"

ఉంది మామయ్యా, అన్నీ ఉన్నాయి అన్నాను గర్వంగా. ఆ గర్వం 2008 జనవరి 30న దిగింది. అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు కేబుళ్ళు తెగాయి. (చూశారా, మధ్యధరా సముద్రం మనల్ని వదల్లేదు!) రెండు రోజుల తర్వాత ఇక్కడే, దుబాయ్‌కీ ఒమాన్‌కీ మధ్య ఫాల్కన్ కేబుల్ తెగింది. బాగుచేయడానికి వెళ్ళినవాళ్ళకి అక్కడ ఎవరో వదిలేసిన ఐదారు టన్నుల లంగరు దొరికింది. భారతదేశపు ఇంటర్నెట్ సగం పడిపోయిందని అప్పటి వార్తలు. హైదరాబాద్‌లో మా టీమ్ పంపిన ఫైలు ఇంచు ఇంచుగా దిగుతుంటే, నేను తెర ముందు గుడ్లప్పగించి కూర్చున్నాను. మనమంతా ఉపగ్రహాలతో బతుకుతున్నామనుకుంటాం. నిజానికి ఇప్పటికీ సముద్రం అడుగున తీగలే, పైన లంగర్లే.

ఇండియాలో టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. ఆ వార్త చెబితే మామయ్య ఏమీ అనలేదు. ముసందం నుంచి వచ్చాక దీవి ఫోటోలు పంపించాను. ఫోన్లో చాలాసేపు చూసి అడిగాడు.

"ఇంత చిన్న దిబ్బ మీద ఉండేవారా? వాళ్ళకి ఉత్తరాలెవరు తెచ్చేవారురా?"

"ఓడ వస్తే వచ్చేవి మామయ్యా."

"మరి రాకపోతే?"

నా దగ్గర జవాబు లేదు. దిగేటప్పుడు ఆ గోడల్లోంచి ఒక చిన్న రాయి తెచ్చుకుందామనుకున్నాను. ఎందుకో మనసొప్పలేదు. అక్కడే పెట్టేసి వచ్చాను.